కోళ్ళకు కావలి

సందెవేళ పెరట్లో మేసి వచ్చిన కోళ్ళను గంప క్రిందికి తోలుతూ ఇల్లాలు లెక్క పెడుతుంది. ఒక పెట్ట తక్కువవుతుంది. మరునాటి ఉదయం గడ్డివామి వెనుక నాలుగు ఈకలు కనిపిస్తవి. పల్లెటూరి పెరటిని ఎరిగిన శ్రోతలకు ఈ దృశ్యం క్రొత్తది కాదు. చిన్ననాట మా యింట ఇట్టి ఉదయాలు పెక్కు చూచినాను. పోయినది పక్షి ఒకటే. కాని అది పెట్టవలసిన గుడ్లు, పొదగవలసిన పిల్లలు, వాటి మూలాన ఇల్లాలి చేతికి స్వంతంగా రావలసిన నాలుగు రూపాయలు దానితోపాటే పోయినవి.

నక్క, ముంగిస, బావురుపిల్లి, గద్ద, ఊరకుక్క — పెరటికోడికి శత్రువులు పలువురు. వీటిని మాటువేసి చంపడం పరిష్కారం కాదు. ఒకటి పోతే మరొకటి ఆ తావున చేరుతుంది. పైగా వన్యప్రాణులను చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కనుక శత్రువును నిర్మూలించే ప్రయత్నం విడిచి, కోళ్ళ మధ్యనే ఒక కావలి ప్రాణిని నిలపడం మేలు కదా అనే ఆలోచన కలుగుతుంది. అది ఎంతవరకు ఫలిస్తుంది?

దీనికి చక్కని ఉదాహరణం ఆస్ట్రేలియాలో ఉన్నది. విక్టోరియా రాష్ట్రంలో వార్నంబూల్ అనే సముద్రతీర పట్టణం వద్ద ఒక కోళ్ళ రైతు తన ఆరుబయటి కోళ్ళకు కావలిగా మరెమ్మా జాతి కుక్కలను పెంచేవాడు. ఇవి ఇటలీ దేశపు గొఱ్ఱెల కాపరులు తరతరాలుగా పోషించిన తెల్లని, బలిష్ఠమైన కుక్కలు. ఆ తీరానికి ఎదుటనే మిడిల్ ఐలండ్ అనే చిన్న దీవి ఉన్నది. అందులో గూళ్ళు కట్టుకునేది అడుగు ఎత్తు మాత్రమే ఉండే పొట్టి పెంగ్విన్ పక్షి. సముద్రపు పోటు తగ్గినప్పుడు నక్కలు తీరం నుండి దీవికి దాటి వచ్చి, ఒకప్పుడు వందల సంఖ్యలో ఉన్న ఈ పక్షులను 2005 నాటికి పదికి లోపుగా మిగిల్చినవి. కోళ్ళను కాచే కుక్క పెంగ్విన్లను మాత్రం ఎందుకు కాపాడరాదని ఆలోచించి, 2006లో మరెమ్మా కుక్కలను దీవిలో నిలిపినారు. పక్షుల సంఖ్య క్రమంగా నూటిని దాటింది. ఆ తొలి కుక్క పేరు ఆడ్‌బాల్. దాని కథ 2015లో చలనచిత్రంగా కూడ వచ్చింది.

ఇందులోని కిటుకు కుక్క బలంలో కంటె పెంపకంలో ఎక్కువగా ఉన్నది. అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే శాస్త్రజ్ఞుడు 1970వ దశకపు చివరి నుండి ఈ కావలికుక్కలను పరిశీలించి, వాటికి మూడు గుణాలు ఉండాలని తేల్చినాడు: మందను విడువకుండా ఉండడం, మందకు హాని చేయకపోవడం, పరాయి ప్రాణి వస్తే ఎదిరించడం. మొదటి రెండూ శైశవంలోనే అలవడాలి. సుమారు మూడవ వారం మొదలు పదునాలుగవ వారం వరకు కుక్కపిల్ల ఎవరితో మెలగుతుందో వారినే తనవారుగా భావిస్తుంది. అందుచేత తల్లిపాలు మానిన పిల్లను వెంటనే కోళ్ళ సమీపాన, నడుమ కంచె ఉంచి పెంచాలి. యజమాని ఎదుటనే కోళ్ళతో కలియనివ్వాలి. ఏడాది, ఏడాదిన్నర వరకు ఆటగా తరిమి కోడిని చంపే ప్రమాదం ఉంటుంది గనుక ఒంటరిగా విడువరాదు. ఇట్లా పెరిగిన కుక్క శత్రువుతో పోరాడే సందర్భాలు అరుదు. అది అక్కడ ఉన్నదనీ, మొరుగుతున్నదనీ తెలిసినంతనే నక్క వేరు దారి చూచుకుంటుంది.

దీనికి విదేశపు జాతికుక్కే కావాలా? అక్కరలేదు. అమెరికా నైరుతి ప్రాంతంలోని నవాహో జనులు సామాన్యమైన సంకరజాతి కుక్కలనే పసితనం నుండి మేకలు, గొఱ్ఱెల నడుమ పెంచి కావలికి వాడుకున్నారు. మన ఊరి కుక్కపిల్లను కూడ ఈ విధంగా తీర్చిదిద్దే ప్రయత్నం చేయవచ్చు. అయితే దానికి కడుపునిండ తిండి పెట్టాలి. మూడు నెలల వయస్సున రేబిస్ టీకా వేయించాలి. ఆకలిగొన్న కావలివాడు దొంగ కాక తప్పదు.

కుక్కను పోషించలేని ఇంట పక్షులే కొంత కావలి కాస్తవి. పుంజు గద్దను చూచినప్పుడు ఒక ధ్వని, నేలపై శత్రువును చూచినప్పుడు మరొక ధ్వని చేస్తుంది. మొదటిది విని పెట్టలు చాటుకు ఒదుగుతవి. రెండవది విని మెడలు నిక్కించి అప్రమత్తమవుతవి. గినీకోడి క్రొత్త ప్రాణిని చూచినంతనే గోల చేస్తుంది. హంస జాతికి దగ్గరైన పెద్దబాతు అరవడమే గాక మీదికి కూడ వస్తుంది. కాని ఇవి చాటింపు వేసేవే; నక్క తెగించి వస్తే పెద్దబాతు సైతం దానికి ఆహారమే. వాటి కేకకు ఇంటివారు పలికినప్పుడే ఆ కావలి సార్థకం.

ఇక తిరిగి ఆ దీవి సంగతి. 2017లో సముద్రం అల్లకల్లోలంగా ఉండి, కుక్కలను దీవికి చేర్చడం సాధ్యం కాలేదు. ఆ వ్యవధిలో నక్కలు చొరబడి నూరుకు పైగా పెంగ్విన్లను చంపినవి. పదేళ్ళ శ్రమ కొద్ది రోజులలో చాలవరకు తుడిచిపెట్టుకు పోయింది. నక్క ఆ దీవిని మరచిపోలేదు. కాపు లేని సమయం కొరకు వేచి ఉన్నది, అంతే.

పెరటికి కూడ ఇదే పాఠం. కావలి ప్రాణి గోడకు, తలుపుకు తోడు మాత్రమే. వాటికి బదులు కాజాలదు. చీకటి పడకముందే కోళ్ళను గట్టి గూటిలో చేర్చి తలుపు బిగించాలి. ముంగిస సన్నని సందునుండి కూడ దూరగలదు కనుక గూటి అడుగును, మూలలను పరీక్షించాలి. గద్ద నుండి పసిపిల్లలను కాపాడడానికి గంప గాని, వల గాని, పొదల నీడ గాని ఉండాలి. వీటన్నిటి తరువాత కుక్క, పుంజు, గినీకోడి తమ పని చేస్తవి. సందెవేళ ఇల్లాలు పెట్టే లెక్క మాత్రం మానరాదు. అన్ని కావలులలోను మొదటిది ఆ లెక్కే.