జొన్నగిరి బంగారంలో ఊరి వాటా ఎంత?

తొలకరి వాన ఎర్రనేలను కడిగిందంటే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. అనంతపురం నుంచీ బళ్లారి నుంచీ కూడా జనం వచ్చి నేలంతా గాలిస్తారు. రాయి దొరికినవాడి సంగతి పేపర్లో పడుతుంది, వట్టి చేతులతో తిరిగెళ్లినవాళ్ల లెక్క ఎవరూ రాయరు. అదే జొన్నగిరిలో ఇప్పుడు బంగారం గని వచ్చింది. జియోమైసూర్ సంస్థకు ఇక్కడ 2013లో లీజు దక్కింది. పూర్తిస్థాయిలో నడిస్తే ఏడాదికి సుమారు 750 కిలోల బంగారం తీస్తామన్నది కంపెనీ ప్రకటించిన లక్ష్యం. దీంతో మెట్ట పల్లెల దశ తిరుగుతుందన్న ఆశ పుట్టడం సహజం. అయితే బంగారపు ఊరి గతిని తేల్చేది భూమిలో ఉన్న నిల్వ ఒక్కటే కాదు. గని నడిచే ఏళ్లలో ఆ ఊరు తనకంటూ ఏం కూడబెట్టుకుందన్నదే అసలు లెక్క.

ఈ నేలకు పేరు కొత్తగా వచ్చిందేమీ కాదు. దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. మౌర్యుల దక్షిణాది పాలనా కేంద్రమైన సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు వాదిస్తే, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరంటారు. కోలారు, హట్టి, రామగిరి, జొన్నగిరి అన్నీ ధార్వాడ్ కాలపు పురాతన శిలల పట్టీలే. ఇక్కడి పసిడి రాతిలో కలిసిపోయి ఉంటుంది, టన్ను రాయికి దక్కేది గ్రాముల్లోనే. 1848 తర్వాత కాలిఫోర్నియాకు ఎగబడ్డవాళ్లు వాగుల్లో ఇసుక కడిగి బంగారం ఏరుకున్నారు. ఇక్కడ ఆ వీలు లేదు. రాయిని పేల్చాలి, పిండి చేయాలి, రసాయనాలతో బంగారాన్ని వేరుచేయాలి. అందుకే మన ప్రాంతంలో గని అంటే పెద్ద పెట్టుబడి, దాని మీద ఆధారపడిన ఊరు.

అలాంటి ఊరికి ఏమవుతుందో కోలారు చూపించింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ రంగంలోకి దిగాక అక్కడ పట్టణమే వెలిసింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. తమిళ, తెలుగు కుటుంబాలు తరాల తరబడి మూడు కిలోమీటర్ల లోతుకు దిగి పనిచేశాయి. 800 టన్నులకు పైగా బంగారం బయటికొచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక పట్టణానికి మిగిలినవి సైనైడ్ తిప్పలు, పాత క్వార్టర్లు, బతుకుతెరువుకు రోజూ బెంగళూరు వెళ్లే రైలు. మన రామగిరిలో బ్రిటిష్ కాలంలో ఒకసారి, భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో మరోసారి పని జరిగింది. రెండుసార్లూ గనితోపాటే సందడీ ఆగిపోయింది. కోలారులో బంగారానికి కొదవ లేదు. లోపమల్లా గని తప్ప మరో ఆధారాన్ని పెంచుకోకపోవడంలో ఉంది.

ఉద్యోగాలు వస్తాయి కదా, అదే ఊరికి లాభం కాదా అని అడగవచ్చు. కొంత నిజమే. కానీ ఓపెన్‌కాస్ట్ గనిలో పని ఎక్కువగా యంత్రాలదే. కోలారులా వేలమంది కూలీల అవసరం రాదు. పైగా ఆ జీతాలు గని నడిచినన్నాళ్లే. రాబడి లెక్క చూద్దాం. బంగారంపై రాయల్టీ 4 శాతం. 2015 చట్ట సవరణకు ముందు ఇచ్చిన లీజులు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని జిల్లా ఖనిజ నిధికి అదనంగా చెల్లించాలి. 750 కిలోల లక్ష్యం నెరవేరిందనుకుంటే ఏటా సుమారు 30 కిలోల విలువ రాష్ట్రానికి, 9 కిలోల విలువ జిల్లా నిధికి చేరుతుంది. మొత్తంతో పోలిస్తే ఇది స్వల్పం, ఒక మండలానికి మాత్రం పెద్ద సొమ్ము.

అలాంటప్పుడు గని వద్దనడమే మేలు కదా అనే వాదనా ఉంది. దుమ్ము, పేలుళ్లు, రసాయనాల భయం నిజమైనవే, వాటిపై నిఘా ఉండి తీరాలి. అయితే పంట అంతా వాన మీదే ఆధారపడిన చోట మరో రాబడిని కాదనడం తేలిక కాదు. దేశ అవసరమన్న సమర్థన మాత్రం నిలవదు. ఏటా వందల టన్నులు దిగుమతి చేసుకునే దేశానికి 750 కిలోలు లెక్కలోకి రావు. కాబట్టి ఈ గనికి సమర్థన ఏదైనా ఉంటే అది స్థానికంగానే దొరకాలి. శ్రీశైలం జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు హంద్రీ-నీవా కాలువలో కర్నూలు మెట్ట మీదుగానే అనంతపురానికి సాగుతున్నాయి. ఆ నీటిని చెరువులకు మళ్లించడానికి, ఐటీఐలకు, ఆసుపత్రులకు ఖనిజ నిధి ఖర్చయితే గని మూతపడినా ఊరు నిలుస్తుంది. ఆ నిధి ఎటు పోతోందో గ్రామసభ ఏటా లెక్క అడగాలి. గని పని ముగిశాక నేలను చదును చేసే ఖర్చు ఎవరిదో, ఎంతో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. తవ్వకం ఆగిన తర్వాత బేరమాడే బలం ఊరికి ఉండదు.