టెన్షియోమీటర్: వేరు పడే శ్రమకు కొలత

నేలలో ఎంత నీరుందో తెలిసినంత మాత్రాన పైరు సంగతి తెలియదు. ఆ నీటిని లాక్కోవడానికి వేరు ఎంత శ్రమపడుతోందన్నదే అసలు లెక్క. నల్లరేగడిలో నీరు ఎక్కువే ఉన్నా, సన్నని బంకమట్టి రేణువులు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఇసుక నేలలో ఉన్న కొద్దిపాటి నీరూ వేరుకు తేలిగ్గా దొరుకుతుంది. టెన్షియోమీటర్ కొలిచేది ఈ పట్టునే.

ఒక గొట్టం, దాని అడుగున కాల్చిన మట్టి కప్పు, పైన వాక్యూమ్ గేజి: పరికరమంతా ఇంతే. గొట్టం నిండా నీళ్లు పోసి, గాలి చొరకుండా బిరడా బిగించి, కప్పు మట్టికి బాగా అంటుకునేలా వేళ్ల లోతున పాతుతారు. కొత్త కుండ గోడ చెమర్చినట్టే ఈ కప్పు గోడలోంచీ నీరు బయటికి వస్తుంది. నేల ఆరేకొద్దీ ఆ నీటిని లాగుతుంది. ఖాళీ అయిన చోటికి గాలి రావాలి, కానీ రాలేదు. కప్పు రంధ్రాలు ఎంత సన్నవంటే, వాటిలో నిలిచిన నీటిపొరను తలతన్యత బిగించి ఉంచుతుంది. గాలి దాన్ని ఛేదించలేదు. నీటికి దారి, గాలికి అడ్డు! అందువల్ల గొట్టంలో పీడనం తగ్గుతూ పోతుంది. నేల లాగుడు, గొట్టంలోని లాగుడు సరిసమానమైన చోట నీరు కదలడం ఆగిపోతుంది. అప్పుడు ముల్లు సెంటీబార్లలో (పీడన ప్రమాణం) చూపే అంకే నేల పట్టు. వాన పడితే అదే గోడలోంచి నీరు వెనక్కి వచ్చి, ముల్లు సున్నా వైపు తిరుగుతుంది. కరెంటు అక్కర్లేదు, మట్టి రకాన్ని బట్టి అంకె సవరించుకోవాల్సిన పనీ లేదు. ఇంత పొందికైన కొలమానం వ్యవసాయంలో అరుదు.

1920లలో అమెరికాలోని యూటాలో విల్లార్డ్ గార్డ్‌నర్ ఈ ఆలోచనకు పునాది వేశాడు. ఆయన శిష్యుడు లొరెంజో రిచర్డ్స్ దాన్ని పొలానికి పనికొచ్చేలా తీర్చాడు. మిషిగన్‌లో జార్జ్ బుయూకస్ 1940లో పోటీగా జిప్సం దిమ్మెను తెచ్చాడు. తడిని బట్టి మారే విద్యుత్ నిరోధాన్ని అది కొలుస్తుంది. చవకైనది, బాగా ఎండిన నేలలోనూ పనిచేస్తుంది. కానీ తడి నేలలో తేడాలు సరిగా పట్టదు, కాలక్రమంలో కరిగిపోతుంది. టెన్షియోమీటర్‌కూ హద్దుంది: సుమారు 80 సెంటీబార్లు దాటితే గొట్టంలో బుడగలు పుట్టి నీటిధార తెగిపోతుంది. అయితే కూరగాయలకు తడి ఇవ్వాల్సిన వేళ సాధారణంగా ఆ లోపే వస్తుంది.

తరువాత గేజి స్థానంలో ఎలక్ట్రానిక్ సెన్సర్ వచ్చింది, అంకె ఫోనుకు చేరింది. దాంతో ముందుచూపు సాధ్యమైంది. నిన్న 25, ఇవాళ 30 ఉండి, 45 దగ్గర తడి ఇవ్వాలనుకుంటే మహా అయితే మూడు రోజుల గడువుంది. ఎండ ముదిరితే అంతకన్నా తక్కువే. ఈలోగా వాన సూచన ఉంటే మోటారు ఆపుకోవచ్చు. రెండు లోతుల్లో రెండు పరికరాలు పాతితే, పై లోతుది ఎప్పుడు తడి ఇవ్వాలో చెబుతుంది. కింది లోతుది, నీరు వేళ్లను దాటి వృథాగా ఇంకిపోతోందేమో పట్టిస్తుంది.

భూగర్భ జలం అడుగంటుతున్న పంజాబ్‌లో లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరికి రంగు పట్టీల టెన్షియోమీటర్‌ను రూపొందించింది. గొట్టంలో నీటిమట్టం ఆకుపచ్చ పట్టీ దాటి పసుపులోకి దిగితే తడి ఇవ్వాలి.

పరికరం ఏ రకమైనా కప్పు మట్టిని వదలకూడదు, గొట్టంలోకి గాలి చొరకూడదు. బుడగలు చేరితే తిరిగి నీళ్లు నింపాలి; లేకపోతే ఫోనులో కనిపించే అంకెను నమ్మకూడదు.