చిత్తరువులు పగులుట యేల?

రెండు మూడు వందల యేండ్లనాటి తైలవర్ణ చిత్తరువును దగ్గఱగా నిలిచి చూచినచో, దాని నిండ సన్నని పగుళ్లు వలవలె అల్లుకొనియుండును. దూరమునుండి చూచువారికి అవి కానరావు. రాణిగారి చెక్కిలిపైనను, బిడ్డ నుదుటిపైనను, వెనుకనున్న ఆకసముపైనను, ఎండిన చెఱువడుగున బంకమట్టి నెఱ్ఱెలు విచ్చినట్లు గీతలు కనబడును. ముసలితనము వచ్చిన ముడుతలు పడవా యని మనమనుకొందుము. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఒకే చిత్రకారుడు ఒకే కాలమున వ్రాసిన రెండు పటములలో నొకటి నిలుకడగా నుండగా, రెండవది పెచ్చులు పెచ్చులుగా రాలుటయు కలదు. వయస్సు రెంటికిని సమానమే గదా! అట్టిచోట అవి వ్రేలాడిన గదులలోని గాలి యెట్టిదో విచారింపవలెను. ఇందుకు గొప్ప నిదర్శనము, ఎవరును కోరి చేయని యొక పరీక్షవలన, రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటనులో దొరకినది. ఆ కథ మొదట చెప్పుదుము.

లండను నగరమున ట్రఫాల్గరు చౌకునందు నేషనల్ గ్యాలరీ యను చిత్రశాల కలదు. 1939 ఆగష్టు మాసాంతమున, యుద్ధము నేడో రేపో యనుచుండగా, అందలి పటములను గోడలనుండి దింపి, రైళ్లమీదను లారీలమీదను వేల్సు దేశమునకు తరలించిరి. యుద్ధము ప్రకటింపబడిన సెప్టెంబరు 3వ తేదీనాటికి గోడలు బోసిపోయినవి. ఈ ప్రయాణపు ఏర్పాట్లు చూచినవాడు ఇయాన్ రాలిన్స్ అను నాయన. ఆయన చిత్రశాలకు విజ్ఞానశాస్త్ర సలహాదారు. రైళ్లన్న నాయనకు మిక్కిలి మక్కువ. ఆ ముచ్చట ఇక్కడ అక్కఱకు వచ్చినది.

మొదట పటములను బాంగరు పట్టణపు విశ్వవిద్యాలయ భవనమునందును, పెన్రిన్ కోట మొదలగు మఱికొన్ని చోట్లను ఉంచిరి. 1940లో ఫ్రాన్సు పడిపోయిన పిమ్మట శత్రువిమానములకు వేల్సు సయితము అందుబాటులోనికి వచ్చెను. పటములను ఓడలపై కెనడాకు పంపుదమా యను ఆలోచన పుట్టెను. సముద్రములో జలాంతర్గాములు పొంచియుండగా అట్టి సాహసమునకు డైరెక్టరు కెన్నెత్ క్లార్కు వెఱచి, ప్రధానమంత్రి చర్చిలును అడిగెను. ఒక్క పటమును దీవి విడిచి పోరాదనియు, గుహలలోనో నేలమాళిగలలోనో దాచవలసినదనియు ఆయన యాజ్ఞ యాయెను.

వేల్సు ఉత్తరభాగమున ఫెస్టినియోగ్ అను ఊరికి ఎగువను మానడ్ అను కొండ కలదు. ఇండ్ల కప్పులకు వాడు పలకరాతిని ఆ కొండ కడుపులోనుండి ఎన్నో యేండ్లుగా తవ్వుచుండిరి. తవ్వగా మిగిలిన గుహలు దేవాలయ మండపములంతటి విశాలములు. గుహద్వారమును మందుగుండుతో పేల్చి పెద్దది చేసి, లోపల ఇటుకలతో చిన్న యిండ్లు కట్టి, 1941లో పటములను అందు చేర్చిరి. వాన్ డైక్ వ్రాసిన, గుఱ్ఱముపై నున్న మొదటి చార్లెస్ రాజు చిత్తరువు పన్నెండడుగుల ఎత్తు, తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు గలది. త్రోవలోని రైలువంతెన దానికి అడ్డమగునని యెఱిగి, వంతెనను ముట్టక, క్రింది బాటనే లోతుగా తవ్విరి!

పటములు లేని చిత్రశాలలో ఆ దినములలో ఏమి జరిగినదో మన సోదరీమణులు వినదగినది. మైరా హెస్ అను పియానో విదుషీమణి 1939 అక్టోబరు మొదలు 1946 వరకు ఆ బోసిగోడల నడుమ మధ్యాహ్నపు సంగీతసభలు నడపినది. 1940 అక్టోబరున బాంబుపడి చిత్రశాలలో ఒక గది నేలమట్టమైనది. సభలు మాత్రము మానలేదు. చిత్తరువుల కొఱకు జనులు పరితపించుట చూచి, 1942 మొదలు నెలకొక్క పటమును గుహనుండి తెచ్చి అచట చూపుచు వచ్చిరి.

ఇక మన విషయమునకు వత్తము. గుహలోని గాలి చల్లనిది, చెమ్మగలది. ఇటుకయిండ్లలోనికి వచ్చు గాలిని వెచ్చచేసి, రేయింబవళ్లు, వేసవియు శీతకాలమును ఒక్కతీరున నుంచిరి. ఉష్ణమానము సెంటీగ్రేడు కొలతలో 17 డిగ్రీలు, తేమయు మారనిది. పటములు గుహలో నున్నంతకాలము ఈ రెంటిని కదలనీయకుండుటయే అచటివారి వ్రతమాయెను.

లండనులో మరమ్మతుచేయువారికి ఏటిపొడుగున పని యుండెడిది. ఒకదానిపై రంగు పొక్కుగా లేచెడిది, ఇంకొకదాని అంచున పెచ్చు విడెడిది. మానడులో కొంతకాలము గడచునప్పటికి ఈ పొక్కులు లేచుట దాదాపుగా ఆగిపోయెను. ఇది చూచి అచటివారే ఆశ్చర్యపడిరి. యుద్ధము ముగిసి 1945లో పటములు లండను చేరిన పిమ్మట మరల పొక్కులు, మరల పెచ్చులు! సూర్యుడు చొరని కొండగుహ ఆరోగ్యనివాసమగుటయు, రాజధానిలోని మహాసౌధము రోగస్థానమగుటయు చూచిన పిమ్మట ఇక సందేహమేమి? గదులలోని గాలిని క్రమపఱచు యంత్రములను అమర్చుటకు అధికారులు పూనుకొనిరి.

అసలు తేమ నూటికి ఇన్ని పాళ్లనగా నేమి? గాలిని ఒక పాత్ర యనుకొనుడు. వేడియెక్కినకొలది ఆ పాత్ర పెద్దదగును, చల్లారినకొలది చిన్నదగును. అందున్న నీటియావిరి హెచ్చుతగ్గులు కాకున్నను, పాత్ర పెద్దదైనచో నీరు అడుగున నున్నట్లు తోచును. చిన్నదైనచో నిండి పొరలును. పాత్రలో ఎన్నవవంతు నిండియున్నదో అదియే శాస్త్రజ్ఞులు చెప్పు సాపేక్ష తేమ. ఇంగ్లండులో చలికాలపు గాలి చిన్నపాత్ర; దానిని గదిలోనికి తెచ్చి పొయ్యితో కాచినచో పాత్ర పెరిగి నీరు చాలక, గాలి దాహముగొన్నట్లు కొయ్యలోను గుడ్డలోను గల చెమ్మను పీల్చివేయును. వానపడు దినమున తడిగొడుగులతో జనులు గుమిగూడినపుడు అదే కొయ్య తిరిగి చెమ్మ త్రాగును. కావున వేడిమియు తేమయు వేఱువేఱు శత్రువులు గావు. ఒకటి మారిన రెండవది మారును.

వానకాలమున తలుపులు బిగిసి, వేసవిలో వదులగుట మనయిండ్ల నెఱుగనివారు లేరు. కొయ్య చెమ్మను త్రాగి ఉబ్బునపుడు పొడవున పెరుగుట అత్యల్పము. అడ్డముగా మాత్రము బాగుగ పెరుగును. ఐరోపాలో పూర్వులు పలకలపై చిత్తరువులు వ్రాసిరి. ఇటలీవారు పాప్లర్ పలకలను, ఉత్తరదేశములవారు ఓక్ పలకలను వాడిరి. పలకకు ముందువైపున సుద్దయు రంగును వార్నీషును కవచమువలె నుండును. వెనుకవైపు బోడిది. చెమ్మ వెనుకనుండియే వచ్చిపోవుచుండుటచే శతాబ్దములు గడచునప్పటికి పలక వెనుకకు ముడుచుకొని, బొమ్మవైపు ఉబ్బెత్తుగా వంగును. పందొమ్మిదవ శతాబ్దపు మరమ్మతుదారులకు ఈ వంకర కంటగింపాయెను. పలక వెనుకభాగమును చెక్కి పలుచన చేసి, కొయ్యబద్దల చట్టమును అంటించి చదునుగా బిగించిరి. కదలవలసిన కొయ్యకు కదలుటకు చోటు లేకపోగా, ఎన్నో పలకలు నిలువున చీలినవి. మంచిచేయబోయి చేసిన కీడులలో నిది యొకటి.

ప్యారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో నున్న మోనాలిసా ఇట్టి పాప్లర్ పలకపై వ్రాసినదే. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు గల ఆ పలకలో, పైయంచునుండి ఆమె తలకట్టువఱకు సుమారు 11 సెంటీమీటర్ల చీలిక కలదు. అది పెరుగకుండ వెనుకవైపున సీతాకోకచిలుక రెక్కలవంటి కొయ్యబిళ్లలను పొదిగిరి. ఇపుడామె గాజుపెట్టెలో, తేమను వేడిమిని మారనీయని గాలిలో కూర్చుండి చిరునవ్వు నవ్వుచున్నది.

గుడ్డపై వ్రాసిన పటముల సంగతి వేఱు. అవిసెనారతో నేసిన గుడ్డను చట్టమునకు బిగించి, దానిపై పశుచర్మమును కాచి తీసిన జిగురు, అనగా సరేసు, పూయుదురు. ఆపై సుద్దపూత, ఆపై అవిసెగింజల నూనెతో నూరిన రంగులు, అన్నిటిపైన వార్నీషు. గుడ్డయు నూనెయు ఒకే మొక్క యిచ్చినవగుట చక్కని ముచ్చట గాని, ఈ పొరల స్వభావములు మాత్రము ఒక్కటి గావు. గంజిపెట్టిన చీర ఎండలో ఫెళఫెళలాడును, వానగాలి సోకిన మెత్తబడి వ్రేలాడును గదా! సరేసు చేయు పనియు నిట్టిదే. దాని బలము గంజికి లేదు. గాజుపై దట్టముగా పూసి ఎండనిచ్చిన సరేసు కుంచించుకొనుచు గాజునుండియే పెచ్చులు పెఱుకును. అట్లు పెఱికిన గాజును అలంకారమునకు వాడువారును కలరు.

1982లో మారియన్ మెక్లెన్‌బర్గ్ అను నాయన స్మిత్సోనియన్ సంస్థకు సమర్పించిన నివేదికలో, పటమునందలి పొరలు తేమ మారినపుడు ఎంత బలముతో లాగునో విడివిడిగా కొలిచి చూపెను. గాలి ఎండినకొలది జిగురు బిగిసి, ఆ బిగువు పటమంతటను వ్యాపించును. క్రొత్తరంగు కొంత సాగగలదు. ఏండ్లు గడచి బిరుసెక్కిన రంగు సాగలేక పగులును. చలిలో ఆ బిరుసు మఱింత హెచ్చును. ఇక తేమ నూటికి ఎనుబది పాళ్లు దాటెనేని కథ తలక్రిందులగును. జిగురు మెత్తబడి పట్టు సడలును. నూలుపోగులు ఉబ్బి గుడ్డ కుంచించుకొనును. పైనున్న రంగునకు చోటు చాలక, గుడారము లేచినట్లు లేచి, తుదకు రాలును. ఎండుదినములు పగులగొట్టుటకు, తడిదినములు రాల్చుటకు. ఒకదాని తరువాత నొకటి వచ్చి రెండును పనిచేయును.

దీనికి మంచి సాక్ష్యము పటములపైననే కలదు. గుడ్డ వెనుక చట్టపుకొయ్య ఆనుకొనియున్న మేర, ముందువైపున పగుళ్లు తఱచుగా తక్కువ. ఆ కొయ్య గుడ్డకును గాలికిని నడుమ తెరవలె నిలిచి, తేమ త్వరత్వరగా వచ్చిపోకుండ కాచినది.

మన యిండ్లలో వాన్ డైకులు లేవు. ఐనను తాతలనాటి తంజావూరు పటము ఏ దేవుని మందిరమునందో యుండును. పనసపలకపై గుడ్డ యంటించి, సుద్దయు జిగురును కలిపిన ముద్దతో నగలను ఉబ్బెత్తుగా తీర్చి, బంగారురేకు అద్దిన పటమది. పైన చెప్పిన కొయ్య, గుడ్డ, జిగురు, సుద్ద అన్నియు ఇందును కలవు. దాని క్రిందనే దీపారాధన! దీపపుసెగ తగిలిన మేర ఎండుటయు, తక్కినభాగము చల్లగా నుండుటయు దినదినము జరుగును. దీపమును కొంచెము ఎడముగా జరిపినచో స్వామి కోపింపడని మా నమ్మకము.

వేసవి మధ్యాహ్నమున హైదరాబాదులో గాలి యెండుటాకువలె నుండును. శ్రావణమున గోడలే చెమర్చును. ఈ ఋతువుల మార్పు నెమ్మదిగా వచ్చునది గనుక మందమైన కొయ్య కొంతవఱకు సర్దుకొనును. మాకు అంతకంటె భయము చల్లగాలి యంత్రములవలన. రాత్రియంతయు గది మూసి యంత్రము నడపుటచే గాలి చల్లబడి ఎండును; తెల్లవారి కిటికీలు తెఱవగానే తడిగాలి లోనికి దూసికొనివచ్చును. పలుచని జిగురుపొరకు ఒక్కదినములో రెండు ఋతువులు! చిత్తరువు నుంచదలచినవారు ఆ గాలి సూటిగా తగులుచోటను, ఎండపొడ పడుచోటను, వంటింటి గోడకును, వానకు తడియు వెలిగోడకును దూరముగా లోపలి గోడకు వ్రేలాడదీయవలెను. వెనుక చిన్న బెండుముక్కలు అతికించినచో పటము గోడకు అంటుకొనక గాలి యాడును. పండుగనాడు దుమ్ము కనబడెనని తడిగుడ్డతో తుడుచుట, మెఱయునని కొబ్బరినూనె రాయుట కూడనిపనులు. తడి ఆ పగుళ్లగుండ లోనికి పోయి సుద్దను కరగించును.

ఎన్ని జాగ్రత్తలు చేసినను రంగు పెచ్చు రాలినదనుకొందము. ఇంటనున్న జిగురుతో అంటింపబూనవలదు. పటమును మెల్లగా దింపి, బొమ్మ పైకుండునట్లు బల్లపై పరుండబెట్టవలెను. రాలిన పెచ్చులను, గోరంతదానిని సయితము విడువక, మెత్తని కుంచెతో కాగితములోనికి ఎత్తి పొట్లము కట్టి, పటములో ఏ మూలనుండి రాలినవో దానిపై వ్రాయవలెను. ఇట్టి పని నేర్చినవారు మనదేశమున కలరు. లక్నోలో 1976లో స్థాపింపబడిన జాతీయ సంరక్షణ పరిశోధనశాల ఈ విద్యకే ఏర్పడినది. పటముతోపాటు ఆ పొట్లమును కూడ మరమ్మతుచేయువారి చేతికిచ్చినచో, వారు ఆ పెచ్చులను తిరిగి వాని చోట నిలుపుటకు వీలగును.