అద్దాల బీరువా దిగిన టీ సెట్టు

జీడిమెట్ల అనగానే పొగగొట్టాలు, మందుల కార్ఖానాలు, షిఫ్టు మారే వేళ రోడ్డు నిండా జనం గుర్తుకొస్తారు. పాత పింగాణి ముచ్చట్లకు ఇదేమి చోటు అని పాఠకులు అనుకోవచ్చు. కాని ఇంతకంటే తగిన చోటు దొరకదు. 1970ల నాటి నుంచీ ఈ పారిశ్రామికవాడలో పని వెతుక్కుంటూ కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నాయి. ఆ ఇళ్ల ముందు గదిలో అద్దాల బీరువా, అందులో పెళ్లి కానుకగా వచ్చిన టీ సెట్టు ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక వారి పిల్లలు హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు మళ్లారు. అటే ఫ్లాట్లూ కొనుక్కున్నారు. పెద్దవాళ్లను తమ దగ్గరకు తీసుకుపోయేటప్పుడు పాత ఇల్లు ఖాళీ చేయక తప్పదు. మంచాలు, బల్లలు సరే. ఆ బీరువాలోని సామాను గతి ఏమిటి?

చాలా ఇళ్లలో దానికి జవాబు పాత సామాన్ల బండివాడే చెబుతాడు. ఒక మాట ఆగి చూస్తే నష్టం లేదు.

వంటింటి గడప దాటని కప్పు

మన ఇళ్లలో పింగాణి ఇంత చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం దాన్ని వాడకపోవడమే. ఆచారం పాటించే కుటుంబాల్లో లోహపు పాత్రను చింతపండుతో, బూడిదతో తోమితే శుద్ధి అయినట్లు. మట్టిపాత్రకు ఎంగిలి తగిలితే ఇక పోయినట్లే. మట్టిని కాల్చి చేసిన పింగాణికీ ఆ పట్టింపే వర్తించింది. భోజనానికి అరిటాకు, విస్తరి, కంచం, వెండి గిన్నె ఉండనే ఉన్నాయి. పింగాణి కప్పు ముందు గదిలోనే ఆగిపోయింది. కలెక్టరుగారో, డాక్టరుగారో వచ్చినప్పుడు మాత్రం బయటికి వచ్చేది.

పైగా తేనీరు మనకు కొత్త చుట్టం. 1903లో టీ సెస్సు చట్టం వచ్చాక ఆ సొమ్ముతో ప్రచారం మొదలై, 1930లలో ఊరూరా ఉచితంగా టీ పోసి అలవాటు చేశారు. హైదరాబాదులో ఇరానీ హోటళ్లు కప్పూ సాసరూ సామాన్యుడి చేతికిచ్చాయి. సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగితే నవ్వే వాళ్లున్నారు గాని, మొదట్లో ఐరోపాలోనూ చాలామంది అలాగే తాగేవారు.

నవాబుల బల్ల మీద

ఈ నగరంలో పింగాణికి పుట్టిల్లు లాంటిది మూసీ ఒడ్డున ఉన్నది. మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, జీవితమంతా సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. ప్రారంభించింది జవహర్‌లాల్ నెహ్రూ. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది. చైనా, జపాన్ పాత్రలతో పాటు ఫ్రాన్సు వారి సేవ్ర్, జర్మనీ వారి డ్రెస్డెన్, ఇంగ్లండు వారి వెడ్జ్‌వుడ్ సామాను అక్కడ చూడవచ్చు. సెలడాన్ అనే లేత ఆకుపచ్చ చైనా పింగాణిని సుల్తానులు, నవాబులు మక్కువతో తెప్పించుకునేవారు. విషం కలిసిన ఆహారం వడ్డిస్తే ఆ పళ్లెం రంగు మారుతుందని, లేదా పగులుతుందని నమ్మకం. అది ఉత్త నమ్మకమే. కాని భయం ఉన్నచోట పళ్లేనికీ కొలువు దొరుకుతుంది. ఇక ఫలక్‌నుమాలో ఒకేసారి 101 మంది కూర్చునే భోజనపు బల్ల సంగతి పాఠకులు వినే ఉంటారు.

అంత బల్ల మనకక్కర లేదు. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఒక టీ కూజా, ఒక పాల చెంబు, ఒక చక్కెర గిన్నె: మొత్తం 15 వస్తువులు. మధ్యతరగతి ఇంటి వైభవం ఇంతే.

కుండను కొట్టి చూసినట్లు

కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూస్తారు. కప్పుకూ అదే పరీక్ష. మంచి పింగాణి ఖంగుమంటుంది. సన్నని పగులు ఉంటే మొద్దు శబ్దం వస్తుంది. తరువాత దీపానికి ఎదురుగా పట్టి, వెనుక వేలు పెట్టి చూడండి. వేలి నీడ కనిపిస్తే అసలు పింగాణి. కనిపించకపోతే ముతక మట్టి మీద మెరుగు పూత వేసినది కావచ్చు.

చాలా వరకు చరిత్ర కప్పు అడుగునే రాసి ఉంటుంది. ఐరోపాలో గట్టి పింగాణి గుట్టు తెలుసుకున్న తొలి కార్ఖానా జర్మనీలోని మైసెన్. అది 1710లో మొదలైంది. దాని ముద్ర అడ్డంగా వేసిన రెండు నీలి కత్తులు. ఆ కత్తులను అనుకరించిన వాళ్లు కోకొల్లలు కనుక ముద్ర ఒక్కటీ నమ్మరాదు. అమెరికా పెట్టిన సుంకాల చట్టం వల్ల 1891 నుంచి ఆ దేశానికి పంపే వస్తువు మీద పుట్టిన దేశం పేరు వేయవలసి వచ్చింది. అందుచేత అడుగున దేశం పేరు ఉంటే సాధారణంగా ఆ తరువాతిదని గ్రహించాలి. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే ఇంకా సులువు: రెండవ ప్రపంచయుద్ధం తరువాత, 1952లో అమెరికా ఆక్రమణ ముగిసే లోపల చేసినది.

నీలి రంగు చెట్టు, వంతెన, రెండు పక్షులు ఉన్న పళ్లేలు చూసి చైనావి అని మురిసిపోకండి. ఆ విల్లో నమూనాను 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో కల్పించారు. పక్షులైపోయిన ప్రేమికుల కథ కూడా అమ్మకానికి అల్లినదే.

శాకాహారులకు ఒక మాట. బోన్ చైనా అన్న పేరు అలంకారం కాదు. అందులో సుమారు సగం పశువుల ఎముకల బూడిదే ఉంటుంది. 1790ల ప్రాంతంలో ఇంగ్లండులో జోసయ్య స్పోడ్ ఆ పాళ్లు కుదిర్చాడు. మడి కట్టుకున్న ఇంట్లో ఎన్నేళ్లుగా ఎముకల కప్పు బీరువా ఎక్కి కూర్చున్నదో!

చారు పోయవచ్చునా?

ఇది అందానికి మించిన ప్రశ్న. పాతకాలపు మెరుగు పూతల్లో, రంగుల్లో సీసం ఉండేది. పులుపు తగిలితే, వేడి తగిలితే అది ఆహారంలోకి దిగుతుంది. మన వంటల్లో చింతపండు, నిమ్మరసం, ఆవకాయ లేనిదెక్కడ? సీసం ఒంట్లో చేరితే పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. గర్భిణులకూ మంచిది కాదు. అందువల్ల ఎప్పటిదో తెలియని పళ్లెంలో, పూత గరుకెక్కిన గిన్నెలో, సాలెగూడులా సన్నని చీలికలు పట్టిన కప్పులో పులుసు, పచ్చడి, నిమ్మరసం టీ పోయకండి. పరీక్ష చేయించి సీసం లేదని తేలేదాకా అలాంటివి చూపుకే ఉంచాలి. రేకు బిస్కట్లకో, తొక్కతో ఉన్న అరటిపండ్లకో వాడుకోవచ్చు. బంగారు అంచు ఉన్నదేదీ మైక్రోవేవ్‌లో పెట్టరాదు, నిప్పురవ్వలు లేస్తాయి.

మన అమ్మమ్మల వాళ్లకు ఈ సూత్రం తెలియనిది కాదు. ఇత్తడి గిన్నెలో పులుసు నిలవుంచితే చిలుము పడుతుందనే కదా కళాయి వేయించేవారు! స్టీలు వచ్చిన కొత్తలో ఆ ఇత్తడి బిందెలను, కంచు గిన్నెలను తూకానికి వేసి ఎన్ని ఇళ్లు బోసిపోయాయో పెద్దలెరుగుదురు. ఇవాళ వాటినే అలంకారానికని వెతికి కొంటున్నారు. టీ సెట్టు వంతు ఇప్పుడు వచ్చింది.

అమ్మేవారికీ, ఉంచుకునేవారికీ

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన కళావస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి నానమ్మ సెట్టు సూట్‌కేసులో పెట్టి ఇచ్చే ముందు దాని వయసు తెలుసుకోవడం మంచిది.

ఉంచుకుంటే జాగ్రత్తలు కొద్దిగానే ఉన్నాయి. కప్పులో కప్పు దొంతర పెట్టవద్దు. పళ్లేల మధ్య గుడ్డ పరవండి. కూజాను పిడి పట్టి ఎత్తక, అడుగున చేయి వేసి ఎత్తండి. గోరువెచ్చని నీళ్లతో చేత్తోనే కడగండి. తొట్టిలో అడుగున మెత్తని తువ్వాలు వేయండి. మరుగుతున్న టీ పోసే ముందు కప్పును వెచ్చని నీటితో తొలవండి.

వీటన్నిటి కంటే ముఖ్యమైనది మరొకటి. ఆ సెట్టు ఎవరు ఎవరికి ఏ పెళ్లిలో ఇచ్చారో, ఏ ఊరి నుంచి జీడిమెట్లకు వచ్చిందో తెలిసిన వాళ్లు ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు. వారిని అడిగి నాలుగు వాక్యాలు కాగితం మీద రాయించి కూజాలో వేయండి. కప్పు పగిలితే అతికించుకోవచ్చు. ఆ నాలుగు మాటలు చెప్పేవారు లేకపోతే మిగిలేది 15 మట్టి వస్తువులే.