నరాలకూ వుంది ఓ తొడుగు



మా వదిన ఒకరోజు పొద్దున్నే కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటూ తూలి, కుళాయి గట్టుమీద పడబోయింది. పట్టుకుని కూర్చోబెట్టాను. "కాళ్ళకింద నేల వున్నట్టే తెలియడంలేదే, దూదిమీద నడుస్తున్నట్టుంది. నాలుగు నెలలయింది" అంది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా?" అన్నాను. చెప్పిందిట! ఇంట్లోవాళ్ళు నవ్వి వూరుకున్నారు. మొదట చూసిన డాక్టరుగారు "నరాల బలహీనత, విశ్రాంతి తీసుకోండి" అని పంపేశారు.

నరాల బలహీనత అనే మాట మనం చాలా తేలిగ్గా అనేస్తాం. అసలు నరంలో పాడయ్యేది ఏమిటి? పాడయింది మళ్ళీ బాగుపడుతుందా? ఆ సంగతీ, దానికోసం జీవితమంతా పాటుపడిన ఒక స్త్రీ సంగతీ యివాళ చెబుతాను.

ఇస్త్రీపెట్టె తీగమీద రబ్బరు తొడుగు వుంటుంది గదా! మన నరాల్లోని పోగుల్లో చాలావాటికి అలాంటి తొడుగే వుంది. దానిపేరు మైలిన్. 1854లో రుడాల్ఫ్ విర్కో అనే జర్మన్ వైద్యుడు పెట్టిన పేరది. అందులో ఎక్కువపాలు కొవ్వే. మెదడులో తెల్లగా కనిపించే భాగానికి ఆ తెలుపు యీ మైలిన్ వల్లనే వచ్చింది.

అయితే యీ తొడుగు ఏకంగా వుండదు. మధ్యమధ్య చిన్న చిన్న ఖాళీలుంటాయి. వీటిని 1870 ప్రాంతాల్లో రాన్వియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుర్తించారు. తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల గడినుంచి గడికి గెంతినట్టు, నరంలో వార్త ఒక ఖాళీనుంచి మరో ఖాళీకి గెంతుతూ పోతుంది. మంచి తొడుగు వున్న లావుపాటి పోగుల్లో అది సెకనుకు నూరు మీటర్లదాకా పరుగెత్తగలదు. తొడుగు లేని సన్నపోగుల్లో సెకనుకు ఒకటి రెండు మీటర్లు నడిస్తే గొప్ప. వేడి పెనం తగిలినప్పుడు ముందు చురుక్కుమంటుంది, ఆ తర్వాత కాసేపటికి భగభగమని మంట మొదలవుతుంది, గమనించారా? ఆ చురుకు తొడుగున్న పోగులు తెచ్చిన వార్త. ఆ మంట తొడుగు లేనివి మెల్లిగా మోసుకొచ్చిన వార్త!

ఈ తొడుగు ఎలా తయారవుతుంది? దాన్ని తేల్చింది బెట్టీ గెరెన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలు. గుడ్డులో పెరుగుతున్న కోడిపిల్లల నరాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి 1954లో ఆమె సంగతి చెప్పారు. నరం పక్కనే వుండే ష్వాన్ కణం తన పల్చని అంచును పోగు చుట్టూ తిప్పి తిప్పి చుట్టేస్తుందిట. తాపేశ్వరం మడతకాజా అడ్డంగా కోసి చూడండి, పొరమీద పొర కనిపిస్తుంది గదా, సరిగ్గా అలాగన్నమాట!

అది చేతులకూ కాళ్ళకూ పోయే నరాల సంగతి. మరి మెదడులో, వెన్నుపాములో యీ చుట్టే పని ఎవరిది? ఇక్కడే నేను చెప్పదలచుకున్న ఆవిడ వస్తారు. పేరు మేరీ బంగీ. 1931లో అమెరికాలో పుట్టారు. 1960లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. భర్త రిచర్డ్ బంగీ కూడా శాస్త్రజ్ఞుడే. ఇద్దరు కొడుకుల్ని పెంచుతూ, భర్తతో కలిసి ప్రయోగశాలలో పనిచేశారావిడ. అక్కడ తొడుగు చుట్టేది ఆలిగోడెండ్రోసైటు అనే మరో రకం కణం. ఆ కణానికీ తొడుగుకూ వున్న లంకెను పిల్లికూనల వెన్నుపాములో కళ్ళారా చూసి 1962లో ప్రకటించారు.

దానికి ఒక యేడాది ముందు, 1961లో, మరింత ముఖ్యమైన సంగతి బయటపెట్టారు. మెదడులోగాని, వెన్నుపాములోగాని ఒకసారి చెడింది యిక బాగుపడదనే నమ్మకం అప్పట్లో బలంగా వుండేది. పెద్ద పిల్లుల వెన్నుపాములో కొంతమేర మైలిన్ పోయేలా చేసి, వారాలు, నెలలు గడిచాక అదే చోటును వీళ్ళు పరీక్షించారు. ఏం కనిపించిందనుకున్నారు? బోసిపోయిన పోగులమీద కొత్త పొర! మునుపటంత మందం లేదు, పల్చనే. అయినా తొడుగు మళ్ళీ కట్టుకుంది. ఎందుచేతనంటే పైపొర పోయినా లోపలి పోగు బతికే వుంది. అసలు కీలకమంతా యిక్కడే వుందమ్మా. పోగు బతికివుంటే పొర తిరిగి రావచ్చు. పోగే చస్తే చుట్టడానికి ఏముంటుంది?

1989లో ఆ దంపతులు పక్షవాతంమీద పరిశోధన జరిగే మయామీ సంస్థకు వెళ్ళారు. రోగి కాలినరంనుంచి తీసిన ష్వాన్ కణాలను పెంచి, దెబ్బతిన్న వెన్నుపాములో నాటవచ్చునా అన్నది వారి ఆలోచన. 1996లో రిచర్డ్ పోయారు. ఆవిడ పని ఆపలేదు. 2012లో మనుషులమీద పరీక్షకు అనుమతి వచ్చింది. అలా నాటడంవల్ల ప్రమాదం లేదని మొదటి పరీక్షల్లో తేలింది. అంతమాత్రాన పక్షవాతం నయమైపోతుందని కాదు, ఆ దారిలో తొలి అడుగు పడిందంతే. మేరీ బంగీ 2024లో కన్నుమూశారు.

ఇక జబ్బుల సంగతి. మన ఒంట్లోని రక్షణదళమే పొరపాటున మెదడు, వెన్నుపాముల్లోని మైలిన్ మీద పడితే వచ్చేది మల్టిపుల్ స్క్లెరోసిస్. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీని లక్షణాలను వివరంగా చెప్పారు. ఇది ఎక్కువగా ఇరవై, నలభై యేళ్ళ మధ్య మొదలవుతుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. ఒక కన్ను మసకేయడం, తిమ్మిరి, తూలడం, విపరీతమైన నిస్త్రాణ — వస్తాయి, కొన్నాళ్ళకు తగ్గుతాయి, మళ్ళీ వస్తాయి. అందుకే "నటన", "మనసు జబ్బు" అని తోసేసే ప్రమాదం వుంది. ఈ దాడులను తగ్గించే మందులు 1993 నుంచీ వస్తున్నాయి. పోయిన పొరను మళ్ళీ చుట్టించే మందు కోసం యింకా వెతుకులాట సాగుతోంది.

మా వదినది ఆ జబ్బు కాదు. రెండో డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, బి12 విటమిన్ బాగా తగ్గిపోయిందన్నారు. మైలిన్ చెడకుండా వుండాలంటే బి12 కావాలి. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగుల్లో వుంటుంది, కూరగాయల్లో వుండదు. వదిన శాకాహారి. పాలు పిల్లలకు, గడ్డపెరుగు మగవాళ్ళకు వడ్డించి, ఆఖర్న గిన్నె కడిగిన మజ్జిగ నీళ్ళతో తాను సరిపెట్టుకునేది! ఎన్నేళ్ళుగానో!

చక్కెరజబ్బుకు మెట్‌ఫార్మిన్, కడుపుమంటకు మాత్రలు యేళ్ళతరబడి వాడేవారికి, కడుపు ఆపరేషను అయినవారికి కూడా యీ లోటు రావచ్చు. ఒక్క హెచ్చరిక: రక్తం తక్కువని సొంతంగా ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు మాత్రమే మింగకండి. బి12 లోటు వున్నవారికి దానివల్ల రక్తం బాగుపడ్డట్టే వుంటుంది, లోపల నరాలు చెడుతూనే వుంటాయి. తిమ్మిర్లకు చక్కెరజబ్బు మొదలైన కారణాలూ వుంటాయి కనుక, తేల్చవలసింది డాక్టరే.

సూదిమందులు పడ్డాక వదిన కొన్ని నెలల్లో మామూలుగా నడిచింది. కాని కాలివేళ్ళలో మొద్దుతనం కొంచెం మిగిలిపోయింది. నాలుగు నెలలు ముందే విని వుంటే అదీ మిగిలేది కాదేమో!

కాబట్టి అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, కాళ్ళు మొద్దుబారుతున్నాయని యింట్లో ఎవరన్నా అంటే నవ్వకండి. మీకే అలా వుంటే దాచుకోకండి. ఇవాళ రాత్రి పెరుగుగిన్నె ఖాళీ కాకముందే మీ కంచంలో కూడా ఒక గరిటె వేసుకోండి. సెలవు.