బోల్టు బిగిస్తే సరిపోదు

1970లు, 80ల నైజీరియాలో పెజో 504 కారు అంటే హోదా. పెద్ద అధికారి ఇంటి ముందు అదే, ఊళ్ల మధ్య తిరిగే టాక్సీల్లోనూ అదే. 1975లో కదూనా నగరంలో మొదలైన ఫ్యాక్టరీ నుంచి ఆ కార్లు వచ్చేవి. ఇంజిన్లు, గేర్‌బాక్సులు మాత్రం ఫ్రాన్స్‌లో తయారై పెట్టెల్లో దిగేవి. ఒక దశలో వాటిని కార్గో విమానాల్లో కూడా మోసుకొచ్చారు! చమురు డబ్బు దండిగా ఉన్నన్నాళ్లు ఆ ఖర్చు ఎవరికీ బరువనిపించలేదు. 80లలో చమురు ధర పడిపోయింది, 1986 తర్వాత నైరా విలువ కరిగిపోయింది. పెట్టెల ఖరీదు కొండెక్కింది. దేశానికి ఉక్కు ఇస్తుందనుకున్న అజావొకుటా కర్మాగారం ఈనాటికీ పూర్తిస్థాయిలో నడవలేదు. కొత్త కారు జనానికి అందకుండా పోయింది. పొరుగున బెనిన్‌లోని కొటోనూ రేవు మీదుగా యూరప్ వాడేసిన కార్లు బారులు తీరాయి.

కదూనా కార్మికుల నైపుణ్యంలో లోపం లేదు. లేనిదల్లా ఫ్యాక్టరీ చుట్టూ ఉండాల్సిన మరో వంద ఫ్యాక్టరీలు.

మొరాకో అక్కడే పట్టు సాధించింది. టాంజియర్ దగ్గర 2007లో మొదలైన రేవు, 2012లో రెనో ఫ్యాక్టరీ, రెంటినీ కలుపుతూ రైలు మార్గం. అసలు బలం మాత్రం చుట్టూ వెలసిన సీట్లు, అద్దాలు, వైర్ల కంపెనీల్లో ఉంది. ఒక్క కారులో కిలోమీటరుకు పైగా వైరు ఉంటుంది. పొడవాటి బల్ల మీద ఒక్కో తీగనూ దాని దారిలో పరిచి, టేపు చుట్టి, కనెక్టర్లు తగిలించాలి. మెత్తగా వంగే తీగ ఇప్పటికీ యంత్రాలకు సరిగా లొంగదు. అందుకే ఆ పని చేతులతోనే సాగుతోంది, ఆ చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవి. మొరాకో కార్ల విజయం గురించి రాసేవాళ్లు రోబోల ఫొటోలు వేస్తారు. ముందు వెయ్యాల్సింది ఈ బల్లల దగ్గర నిలబడే అమ్మాయిలవి.

అయితే ఆ కార్లలో సింహభాగం యూరప్‌కే పోతుంది. మన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో తయారైన కార్లు కూడా ఆఫ్రికాలో అమ్ముడవుతుంటే, టాంజియర్ కారు నైజీరియాలోని లాగోస్‌లో అరుదు కావడం బాధాకరం.

నైజీరియా ఆశ వదులుకోలేదు. మోటార్‌సైకిల్ విడిభాగాల వ్యాపారిగా మొదలై, ప్లాస్టిక్ వస్తువులు తయారుచేసిన ఇన్నోసెంట్ చుక్‌వుమా న్నెవి పట్టణంలో ఇన్నోసన్ వాహనాల ఫ్యాక్టరీ పెట్టారు. విడిభాగాల బజారుకు పేరుమోసిన ఊళ్లో పుట్టడమే దాని అదృష్టం. అయినా ఇంజిన్ వంటివి బయటి నుంచి రావాల్సిందే. వాయిదాల మీద కొందామంటే, అక్కడ బ్యాంకు వడ్డీ జీతగాడికి మోయలేనిది. పాత కారుతో పోటీ అక్కడే తేలిపోతోంది.

పొరుగు దేశాల మార్కెట్లు తెరుచుకుంటేనే ఇలాంటి ఫ్యాక్టరీలు నిలుస్తాయి. ఆఫ్రికా ఖండమంతటికీ ఒకే స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద 2021 జనవరిలో వ్యాపారం మొదలైంది. కానీ కారులో ఎంత శాతం ఆ ఖండంలోనే తయారైతే సుంకం తగ్గించాలన్న బేరం ఆ తర్వాతా ఏళ్ల తరబడి సాగింది.