గవాచికి చాలని పొగ

ఆదోని, ఎమ్మిగనూరు పరిసరాల పల్లెలలో పాతకాలపు మట్టిమిద్దె ఎక్కి చూస్తే, వంటింటికి సరిగా పైన చిన్న రంధ్రమొకటి కనబడుతుంది. దానిని గవాచి అంటారు. గవాక్షమన్న మాటే వాడుకలో అరిగి ఇట్లా అయి ఉండవచ్చును. పగలు వెలుతురు లోనికి రావడానికీ, వంటవేళ పొగ బయటకు పోవడానికీ అదొక్కటే దారి. వానకారు కనబడితే ఇంటివారు మిద్దెనెక్కి దానిపై బండ మూసి వస్తారు. ఆ పూట పొగ ఇంట్లోనే ఉండిపోతుంది.

గవాచి పొగను పంపదని కాదు; ఆలస్యంగా పంపుతుంది. పొయ్యినుండి లేచిన పొగ ముందు గదిలోని గాలిలో కలిసి, చల్లబడి, పైకప్పు క్రింద మేఘంవలె పరచుకొని, తరువాత నెమ్మదిగా రంధ్రం చేరుతుంది. ఈలోగా పొయ్యిముందు కూర్చున్న తల్లీ, ఆమె ఒడిలోని పసిబిడ్డా దానిని పీల్చనే పీల్చినారు. పొగ పట్టిన దూలానికి పురుగు పట్టదని పెద్దలు చెబుతారు; అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే దూలానికి ఊపిరితిత్తులు లేవు. 2020వ సంవత్సరంలో ఇండ్లలోని వంటపొగ మూలంగా ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది మరణించినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేండ్లు నిండని పిల్లలే రెండు లక్షలకు పైబడి ఉన్నారు.

ఈ సీమ పత్తిసీమ. పత్తి ఏరుకున్న తరువాత పీకిన కట్టె ఇంటిప్రక్క వామిగా చేరుతుంది. కందికట్టె, జొన్నకొయ్యలు, పిడకలు, సర్కారుతుమ్మ కొమ్మలు దానికి తోడు. పత్తికట్టె త్వరగా అంటుకుంటుంది, త్వరగా ఆరిపోతుంది. అందుచేత వంటచేసే మనిషి పొయ్యిని వదలి కదలడానికి వీలు లేదు. ఇక జొన్నరొట్టె మాట వేరే చెప్పనక్కరలేదు. చేతితో తట్టడం, పెనంమీద వేయడం, తిప్పడం, సెగకు చూపి పొంగించడం, ఇదంతా ముఖం మంటకు మూరెడు దూరంలో ఉంచుకొని చేసే పని. ఎమ్మిగనూరులో మగ్గమూ పొయ్యీ ఒకే కప్పు క్రింద ఉన్న ఇంట్లోనైతే ఈ పొగకు నూలుకూడా నల్లబడుతుంది.

పొగను గదిలో కలియనీయక, పుట్టినచోటనే పట్టి గొట్టంగుండా పంపవలెనన్న ఆలోచన మన ప్రాంతానికి క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్. పి. రాజు మట్టితోనే పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానినిగురించి ఆంగ్లంలో ఒక పుస్తకం ప్రచురించినారు. కోట్లాది సామాన్యుల వంటిండ్లనుండి పొగను తొలగించడమే ఆ పుస్తకానికి పెట్టిన పేరులోని మాట. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన సంవత్సరం కూడా అదే. వార్ధాలోని మగన్‌వాడీనుండి వచ్చిన మగన్ పొయ్యి కూడా ఆ రోజులదే. వీటి కిటుకు మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు. పెద్దపొయ్యి సెగను ప్రక్కకు మళ్ళించి రెండవ కుండను కాచే కోడిపొయ్యి తరతరాలుగా ఉన్నదే. ఆ మళ్ళించిన సెగను చివరకు గొట్టంలోనికి ఎక్కించడమే క్రొత్త.

గొట్టం పొగను లాగడమెట్లా? వేడిగాలి తేలిక, చల్లనిగాలి బరువు. గొట్టంలో నిలిచిన వేడిగాలికంటె బయట అంతే ఎత్తుగల చల్లనిగాలి స్తంభం బరువైనది కనుక, అది పొయ్యినోటినుండి లోనికి దూరి వేడిగాలిని పైకి త్రోస్తుంది. అయితే ఈ త్రోపుడు ఎంత స్వల్పమో తెలిస్తే విద్యార్థులు ఆశ్చర్యపడతారు. మూడు మీటర్ల గొట్టంలో గాలి 125 డిగ్రీలకు కాగి ఉండగా, బయట 27 డిగ్రీలు ఉంటే, కలిగే పీడనభేదం ఒక మిల్లీమీటరు నీటిమట్టానికైనా సమానం కాదు. ఇంత సుకుమారమైన బలాన్ని ఒక వంపు, ఒక పగులు, వ్రేలెడు మందం మసి చంపివేయగలవు. మే నెల ఎండలో బయటిగాలి కూడా కాగి ఉంటుంది గనుక లాగుడు మరికొంత తగ్గుతుంది. పెనం దించినప్పుడు తెరచుకొనే కంత ఇంకొక శత్రువు. గాలి పొయ్యినోటినుండి రాక ఆ కంతనుండి దూరుతుంది, నోటివద్ద పొగ బయటకు చిమ్ముతుంది. అన్నపుకుండకు చక్కగా పనిచేసిన పొయ్యి రొట్టెలకు పొగ చిమ్మడంలోని రహస్యమిదే. రొట్టెపెనం కూర్చునే కంత పెనానికి సరిపోయేటంత ఉండి, దించిన వెంటనే మూత వేయడానికి వీలుండాలి.

ఆషాఢమాసపు పడమటిగాలి ఈ ప్రాంతంలో ఎట్లా విసురుతుందో ఎరుగనివారు లేరు. మిద్దెమీద పిట్టగోడకు తగిలిన గాలి సుడి తిరిగి క్రిందికి దిగుతుంది. గొట్టం పిట్టగోడకంటె పొట్టిదైతే పొగ తిరిగి వంటింట్లోకే వస్తుంది. గొట్టం కప్పుకు మూడడుగులు మించి లేచి, పదడుగుల దూరంలోని ఏ గోడకంటెనైనా రెండడుగులు ఎత్తుగా ఉండవలెనని అమెరికా గృహనిర్మాణ నియమం. మన మిద్దెలకూ అది సరిపోతుంది. కొనపై వాననుండి కాపాడే టోపీ, గొట్టం కప్పు దాటేచోట నీరు దిగకుండ గచ్చుకట్టు తప్పవు. ఆ చోట కొయ్యదూలం, దంతె తగలరాదు. బోదకప్పు కొట్టంలో ఇనుపగొట్టం పైకి తీయడం నిప్పుతో చెలగాటమే. ప్రక్క మట్టిగోడగుండా బయటకు తెచ్చి, గడ్డికి దూరంగా ఎత్తడం మేలు. ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు ఒకప్పుడు విరివిగా వాడినారు. వాటిని రంపంతో కోసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు హానికరమని ఇప్పుడు స్పష్టంగా తెలుసు.

పొగ కంటికి కనబడుతుంది, దగ్గిస్తుంది, మనిషిని బయటకు తరుముతుంది. బొగ్గుపులుసు వాయువుకంటె ఘోరమైన కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకంటె దానిని రెండువందల రెట్లు మించి ఆప్యాయంగా పట్టుకుంటుంది. వంట ముగిసి పొగ కనబడనప్పుడు, ఎర్రని నిప్పులు మిగిలి ఉండగానే గొట్టపు మూతబిళ్ళ వేసి, తలుపులు బిగించి పడుకోవడం అందుచేతనే ప్రమాదకరం. పైకి పోయే గాలికి బదులు లోనికి వచ్చే గాలి ఉండాలి. తలుపుక్రింద సందైనా, కిటికీ రెక్కైనా తెరచి ఉండవలసిందే.

1983లో ప్రారంభమైన జాతీయ మెరుగైన పొయ్యిల పథకం 2002లో ముగిసేలోగా దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించినది. వాటిలో ఎన్నో కొద్దికాలానికే మూలబడినవి. ఒడిశాలో కొందరు ఆర్థికవేత్తలు గొట్టపు పొయ్యిలు కట్టించుకొన్న కుటుంబాలను నాలుగేండ్లపాటు పరిశీలించినారు. మొదటి ఏడు పొగ తగ్గినది; ఆ తరువాత ఆ మేలు కనబడలేదు. పొయ్యి పగిలితే అలికినవారు లేరు, గొట్టం దులిపినవారు లేరు. కట్టించినవారి లెక్క కట్టడంతో ముగిసింది, వండేవారి పని అక్కడ మొదలైనది.

దులపడం చిన్నపనిగా తోచవచ్చును. కాని మసికి రెండు దోషాలున్నవి. పేరుకుంటే గొట్టం లోపలే అంటుకుంటుంది. ఒంటికి పడితే హాని చేస్తుంది; లండనులో పొగగొట్టాలు తుడిచేవారికి కలిగే ఒక కాన్సరుకు మసియే కారణమని పెర్సివల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే గుర్తించినాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొని, నిప్పు పూర్తిగా చల్లారిన తరువాత, మిద్దెపైనుండి పొడవాటి కర్రకు గోనెపట్టా చుట్టి దింపాలి. క్రింద మసి తీయడానికి పొయ్యిలో చిన్న తలుపు ముందే ఉంచుకోవాలి. తడికట్టె వాడే ఇంట్లో నెలకొకసారి చేసినా ఎక్కువ కాదు.

గ్యాసు బండలు ఊరూరా చేరినవి. అయినా స్నానాలకు నీళ్ళు కాగడానికీ, రొట్టెలకూ కట్టెలపొయ్యి చాలా ఇండ్లలో నిలిచే ఉన్నది. కట్టెలమీద మధ్యాహ్న భోజనం వండే బడి ఏదైనా ఉంటే, అక్కడి ఉపాధ్యాయులకు ఒక సులభమైన పరీక్ష ఉన్నది. పొయ్యి రాజుకొన్న అయిదు నిమిషాలకు కుండలన్నీ కంతలపై కూర్చుండగా, వెలిగించిన అగరువత్తిని పొయ్యినోటివద్ద పట్టి పిల్లలకు చూపాలి. ఆ సన్నని పొగ లోనికి వంగితే గొట్టం లాగుతున్నది. నిలువుగా నిలిచినా, ఎదురు తిరిగి వంటామె ముఖానికి వచ్చినా, నిప్పు ఆర్పి మిద్దె ఎక్కవలసిన వేళ అయినది.